వాటర్ పోలో: ఇంటర్ తరువాత ఆట, ఉపకార వేతనాలు (కోనసీమ పరిధి)

నిర్వచనం, పరిధి

వాటర్ పోలో ఈతకొలనులో రెండు జట్లు ఒకే బంతితో ఆడే గోల్ ఆట. కాళ్లు నేలకు ఆనకుండా లోతు నీటిలో తేలుతూ, ఒంటిచేత్తో బంతిని అందుకుని ఎదుటి జట్టు గోల్‌లోకి విసరాలి. ఇంటర్మీడియట్ ముగించిన విద్యార్థి ఈ ఆటను ఎక్కడ కొనసాగించవచ్చు, అందువల్ల చదువుకు డబ్బు గానీ, సీటు గానీ, ఆ తరువాత కొలువు గానీ ఏ మేరకు దక్కుతాయి అన్నది ఈ వ్యాస విషయం. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని దేశంలోని మార్గాలను, అమెరికా కళాశాలల పద్ధతిని ఇందులో వివరించడమైనది.

కోనసీమ గోదావరి పాయలైన గౌతమి, వశిష్ఠల నడుమ ఉన్న డెల్టా భూమి. వైనతేయ పాయ దీన్ని మళ్లీ చీల్చి రాజోలు వైపును అమలాపురం వైపు నుంచి వేరు చేస్తుంది. కొత్తపేట ఎగువ భాగంలో ఉంది. పూర్వపు తూర్పుగోదావరి జిల్లా నుంచి 2022 ఏప్రిల్ 4న కోనసీమ విడి జిల్లా అయింది. తరువాత డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాగా పేరు మారింది. అమలాపురం జిల్లా కేంద్రం.

ఆట తీరు

నీటిలో ఒక్కో జట్టుకు ఏడుగురు ఉంటారు: గోల్‌కీపరు ఒకరు, తక్కినవారు ఆరుగురు. అదనపు ఆటగాళ్లతో కలిపి జట్టు సంఖ్య అంతర్జాతీయ పోటీల్లో చాలాకాలం 13గా ఉంటూ వచ్చింది. ఆట నాలుగు భాగాలుగా, ఒక్కో భాగం 8 నిమిషాలుగా సాగుతుంది. బంతి ఆగినప్పుడు గడియారాన్నీ ఆపుతారు కాబట్టి 32 నిమిషాల ఆట గంటకు మించడం మామూలే. ఆటస్థలం సంప్రదాయ కొలత పురుషులకు 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. మహిళలకు పొడవు 25 మీటర్లు. పురుషుల కొలతను ఇటీవల తగ్గించారు. లోతు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. గోల్ వెడల్పు 3 మీటర్లు, నీటి మట్టం నుంచి ఎత్తు 90 సెంటీమీటర్లు. బంతి బరువు 400 నుంచి 450 గ్రాములు.

గోల్‌కీపరు తప్ప ఎవరూ బంతిని రెండు చేతులా పట్టరాదు, పిడికిలితో కొట్టరాదు. బంతి చేతిలో లేనివాణ్ణి పట్టుకోవడం, ముంచడం, వెనక్కి లాగడం పెద్ద తప్పులు. వాటికి తప్పు చేసినవాణ్ణి కొన్ని సెకన్లపాటు నీటి మూలకు పంపేస్తారు, ఆ సమయంలో అతని జట్టు ఆరుగురితోనే ఆడాలి. అలాంటి తప్పులు మూడు చేసినవారు ఆ ఆటలో తిరిగి దిగలేరు. గోల్‌కు చేరువలో చేసిన కొన్ని తప్పులకు 5 మీటర్ల దూరం నుంచి పెనాల్టీ విసురు ఇస్తారు. చెవులకు రక్షణ ఉన్న టోపీలు తప్పనిసరి. ఒక జట్టు తెల్లవి, మరో జట్టు ముదురు రంగువి పెట్టుకుంటాయి, గోల్‌కీపర్ల టోపీ ఎర్రగా ఉంటుంది.

ఆటకు ఆధారం ఎగ్‌బీటర్ కిక్ అనే కాలి పని. రెండు కాళ్లనూ మోకాళ్ల దగ్గర మడిచి ఒకదాని తరువాత ఒకటి ఎదురెదురు దిక్కుల్లో గుండ్రంగా తిప్పితే, శరీరం నడుము దాకా నీటి పైకి లేస్తుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. గోదావరి తీరంలో పిల్లలు ‘నీళ్లు తొక్కడం’ అనేది దీనికి దగ్గరి పనే గానీ, ఆటకు కావలసిన ఎత్తు, నిలకడ నెలల సాధనతో తప్ప రావు. తల నీటిపైకి ఎత్తి ఈదే ఫ్రీస్టైల్ మరో ముఖ్య విద్య. ఇది ఏటి ఈతగాళ్లకు సహజంగానే ఉంటుంది. పోటీ ఈత నేర్పే శిక్షకుడు మొదట మాన్పించేది దీన్నే, వాటర్ పోలో శిక్షకుడు తిరిగి అడిగేదీ దీన్నే.

చరిత్ర

19వ శతాబ్దం చివరి భాగంలో బ్రిటన్‌లో ఈ ఆట రూపుదిద్దుకుంది. తొలి నియమాల రూపకర్తగా స్కాట్లాండ్‌కు చెందిన విలియం విల్సన్ పేరు చెబుతారు. 1900 పారిస్ ఒలింపిక్స్ నుంచి పురుషుల వాటర్ పోలో ఒలింపిక్ క్రీడ. మహిళల ఆట 2000 సిడ్నీలో గానీ చేరలేదు. పురుషుల్లో హంగరీ తొమ్మిది స్వర్ణాలతో అందరికన్నా ముందుంది. 2024 పారిస్‌లో పురుషుల స్వర్ణం సెర్బియాకు, మహిళల స్వర్ణం స్పెయిన్‌కు దక్కాయి.

భారతదేశంలో ఆట ముందుగా కలకత్తా, బొంబాయి ఈత క్లబ్బుల్లో వేళ్లూనింది. కలకత్తా కాలేజ్ స్క్వేర్ చెరువు చుట్టూ ఉన్న క్లబ్బులు దశాబ్దాలపాటు దేశపు జట్టుకు ఆటగాళ్లను అందించాయి. భారత జట్టు 1948 లండన్, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆడింది. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. అదే క్రీడల్లో 100 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణం గెలిచిన సచిన్ నాగ్ ఆ జట్టులోనూ ఉన్నాడు. 1970 బ్యాంకాక్‌లో రజతం, 1982 ఢిల్లీలో కాంస్యం వచ్చాయి. ఆ తరువాత ఆసియా క్రీడల్లో భారత జట్టుకు పతకం రాలేదు. 2025 సెప్టెంబరు, అక్టోబరుల్లో అహ్మదాబాద్‌లో జరిగిన ఆసియా ఆక్వాటిక్స్ పోటీల్లో ఈతతోపాటు వాటర్ పోలో కూడా ఉంది. దేశంలో ఆట బాధ్యత భారత ఈత సమాఖ్యది. సర్వీసెస్, రైల్వే, బెంగాల్, కేరళ, మహారాష్ట్ర పేర్లు జాతీయ పోటీల్లో తరచుగా వినిపిస్తాయి.

తెలుగు నేలలో వాటర్ పోలోకు అంతటి వారసత్వం లేదు. పల్లె నీటిలో ఈత నేర్చి పైకి వెళ్లినవారికి మాత్రం గట్టి ఉదాహరణ ఉంది. కృష్ణా డెల్టాలోని రేపల్లె ప్రాంతానికి చెందిన షంషేర్ ఖాన్ సైన్యంలో చేరి, అక్కడి కొలనుల్లో రాటుదేలి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఈతలో దేశం తరఫున పోటీపడ్డాడు. ఊరి చెరువు నుంచి సైన్యానికి, సైన్యం నుంచి దేశపు జట్టుకు వెళ్లిన ఆ దారి డెబ్బై ఏళ్ల తరువాత కూడా డెల్టా ఈతగాడికి తెరిచి ఉన్న దారుల్లో ఒకటి. (చూడండి: ఉద్యోగాలు.)

కోనసీమలో ఈత: నీళ్లున్నాయి, కొలను వేరు

ధవళేశ్వరం ఆనకట్ట (1847–1852) తరువాత మధ్య డెల్టా కాలువలు కోనసీమ ఊళ్లన్నిటినీ అల్లుకున్నాయి. కాలువ రేవుల్లో, చెరువుల్లో, లంకల పక్క పాయల్లో ఈత నేర్చుకోవడం ఇక్కడ తరాల అలవాటు. సంక్రాంతికి ఆత్రేయపురంలో సర్ ఆర్థర్ కాటన్ పేరిట ఇటీవల నిర్వహిస్తున్న పడవ పందేలు కాలువ నీటిని ఆటస్థలంగా చూపాయి. అయినా వాటర్ పోలో ఆటగాణ్ణి తయారుచేసేది ప్రవహించే నీరు కాదు. అడుగు కనిపించే, లోతు తెలిసిన, గోల్ చట్రాలు తేలియాడేలా కట్టగల నిలకడ నీరు కావాలి.

ఇంకో చిక్కు కాలానికి సంబంధించింది. పాఠశాలలకు వేసవి సెలవులు ఇచ్చే రోజుల్లోనే, ఏప్రిల్ రెండో పక్షం నుంచి జూన్ మొదటి వారం దాకా, మరమ్మతుల కోసం సాధారణంగా కాలువలు కట్టేస్తారు. పిల్లలకు తీరిక దొరికే నెలల్లో ఊరి కాలువ ఎండిపోతుంది. అప్పుడు వాళ్లు గోదావరి పాయల వైపు వెళ్తారు. 2025 మే 26న ముమ్మిడివరం ప్రాంతంలో నదిలో స్నానానికి దిగిన యువకుల్లో ఎనిమిది మంది మునిగిపోయారు. ఇసుక తవ్విన గుంతలు, మారే లోతులు, సుడులు ఉన్న చోట ఈత వచ్చినవారికి కూడా భద్రత లేదు. అందుచేత నదిలో ‘సాధన’ను ఏ శిక్షకుడూ సలహాగా ఇవ్వరాదు.

పోటీ స్థాయి కొలనులు ఉన్నది పెద్ద నగరాల్లో. విజయవాడ గాంధీనగర్‌లో సర్ విజ్జీ పేరున్న పురపాలక ఈతకొలను, విశాఖ బీచ్ రోడ్డులో ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్, హైదరాబాద్ గచ్చిబౌలిలో ఆక్వాటిక్ కాంప్లెక్స్ ఉన్నాయి. గచ్చిబౌలి క్రీడా ప్రాంగణం 2002 జాతీయ క్రీడలకూ, 2003 ఆఫ్రో-ఆసియా క్రీడలకూ వేదికైంది. అక్కడి అథ్లెటిక్ స్టేడియానికి పెట్టిన పేరు అమలాపురం పార్లమెంటు సభ్యుడిగా ఉంటూ లోక్‌సభ స్పీకరైన జి.ఎం.సి. బాలయోగిది.

పోల్చదగిన ప్రాంతం కేరళ. కొబ్బరితోటలు, బ్యాక్‌వాటర్లు, గుడి కోనేళ్లు ఉన్న ఆ రాష్ట్రం వాటర్ పోలోలో, ముఖ్యంగా మహిళల ఆటలో, దేశంలో ముందువరుసకు రావడానికి తిరువనంతపురం పక్కనున్న పిరప్పన్‌కోడ్ వంటి ఊళ్ల ఈత సంప్రదాయం తోడ్పడింది. 2015 జాతీయ క్రీడల ఈత పోటీలు అక్కడి కాంప్లెక్స్‌లోనే జరిగాయి. కోనసీమను రెండో కేరళ అనడం పర్యాటక ప్రకటనల్లో పరిపాటి. ఈ ఒక్క విషయంలో ఆ పోలిక ఇంకా కుదరలేదు.

ఇంటర్ దశ

ఈతలో గానీ వాటర్ పోలోలో గానీ ఎదగాల్సిన వయసు 14 నుంచి 18. కోనసీమలో ఆ వయసు పదో తరగతి పరీక్షలకూ, రెండేళ్ల ఇంటర్‌కూ, ఎంట్రన్సుల తయారీకీ పోతుంది. విజయవాడ, హైదరాబాద్ రెసిడెన్షియల్ కళాశాలల్లో చేరినవారికి కొలను ఉన్న నగరంలోనే ఉంటూ కొలను ముఖం చూసే వీలుండదు. ఇంటర్ తరువాత ఏం దొరుకుతుందన్న ప్రశ్నకు సగం జవాబు ఇంటర్‌కు ముందే తేలిపోతుంది.

ఈ దశలో పోటీలు రెండు వరుసలుగా ఉంటాయి. పాఠశాల క్రీడా సమాఖ్య నిర్వహించే అండర్-19 పోటీలు ఒకటి. భారత ఈత సమాఖ్య సబ్ జూనియర్, జూనియర్ జాతీయ ఆక్వాటిక్ పోటీలు రెండోది, వాటర్ పోలో వీటిలో ఉంటుంది. రాష్ట్ర జట్టులో చోటు దొరికితే వచ్చే ధ్రువపత్రం తరువాతి ప్రతి మెట్టుకూ పనికొస్తుంది.

కోనసీమ నుంచి అంతర్జాతీయ స్థాయికి చేరిన క్రీడాకారుడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి. ఆట బ్యాడ్మింటన్, పుట్టింది అమలాపురంలో, 2000 సంవత్సరంలో. 2014లో హైదరాబాద్‌లోని పుల్లెల గోపీచంద్ అకాడమీకి వెళ్లాడు. 2022 కామన్వెల్త్ క్రీడల్లో, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి డబుల్స్ స్వర్ణం గెలిచాడు. అతని తండ్రి వ్యాయామోపాధ్యాయుడు. ఇంట్లో ఆట తెలిసినవారు ఉండటం, 14 ఏళ్లకే ఊరు వదలడం అనే రెండూ ఆ ప్రయాణంలో ఉన్నాయి. వాటర్ పోలో విద్యార్థికి రెండోది ఇంకా ఎక్కువ అవసరం. బ్యాడ్మింటన్‌కు అమలాపురంలోనూ ఒక కోర్టు గీసుకోవచ్చు గదా.

ఆలస్యంగా మొదలుపెట్టేవారికి ఒక వెసులుబాటు ఉంది. వాటర్ పోలోను చాలామంది ఈతగాళ్లు పదహారు, పదిహేడేళ్లకు పట్టుకుంటారు. 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో రాష్ట్ర స్థాయికి చేరి అక్కడ ఆగిపోయినవారికి, జట్టు ఆటలో పదమూడు చోట్లలో ఒకటి దొరకడం వ్యక్తిగత పతకం కన్నా దగ్గరి లక్ష్యం.

విశ్వవిద్యాలయ జట్లు

దేశంలో కళాశాల వాటర్ పోలో అంటే అంతర్ విశ్వవిద్యాలయ పోటీలే. భారత విశ్వవిద్యాలయాల సంఘం ఏటా ఈత, డైవింగ్, వాటర్ పోలో పోటీలను ఒక విశ్వవిద్యాలయానికి అప్పగించి జరిపిస్తుంది. 17 ఏళ్లు నిండి 25 దాటని రెగ్యులర్ విద్యార్థులు అర్హులు. దూరవిద్య విద్యార్థులకు అవకాశం లేదు. ఆటగాడిని ఎంపిక చేసేది అతని కళాశాల అనుబంధంగా ఉన్న విశ్వవిద్యాలయం. అనుబంధ కళాశాలల మధ్య సెలక్షన్లు పెట్టి జట్టును కూర్చుతారు.

ఇక్కడే కోనసీమ విద్యార్థి గమనించాల్సిన మెలిక ఉంది. ఒకే ఊళ్లో రెండు వీధుల అవతల ఉన్న కళాశాలలు వేర్వేరు విశ్వవిద్యాలయాల కిందికి వస్తాయి. అమలాపురం శ్రీ కోనసీమ భానోజీ రామర్స్ కళాశాల వంటి డిగ్రీ కళాశాలల విద్యార్థి 2006లో ఏర్పడిన రాజమహేంద్రవరం ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం తరఫున ఆడాలి. అంతకుముందు తరం ఆంధ్ర విశ్వవిద్యాలయం తరఫున ఆడేది. ఓడలరేవు వంటి చోట్ల ఇంజనీరింగ్ చదివేవారు కాకినాడ జేఎన్టీయూ పరిధిలోకి వస్తారు. అమలాపురంలో వైద్యం చదివేవారికి ఆరోగ్య విశ్వవిద్యాలయం జట్టు వేరు. నలుగురు మంచి ఈతగాళ్లు ఒకే ఊళ్లో ఉన్నా, ఒకే జట్టులో ఆడే వీలు ఉండకపోవచ్చు. డిగ్రీలో చేరేముందు ఆ విశ్వవిద్యాలయం వాటర్ పోలోకు జట్టు పంపుతుందా, లేక ఈతకే పంపుతుందా అని వ్యాయామ విద్యా విభాగంలో అడిగి తెలుసుకోవడం ఫీజు కనుక్కోవడమంత అవసరం. జట్టు పంపని చోట ఆటగాడు 50, 100 మీటర్ల ఈతకు మారాలి.

ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు 2020లో భువనేశ్వర్‌లో మొదలయ్యాయి. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ముందు నిలిచినవారే వీటికి వెళ్తారు. ఇక్కడ ఈతలో మంచి కాలం నమోదు చేస్తే జాతీయ శిబిరాల ఎంపికదారుల దృష్టిలో పడవచ్చు.

ఆర్థిక సహాయం: రకాలు

అమెరికాలో లాగా కళాశాలే ఆటగాడికి డబ్బిచ్చి చేర్చుకునే పద్ధతి తెలుగు రాష్ట్రాల్లో వ్యవస్థగా లేదు. కొన్ని ప్రైవేటు కళాశాలలు, విశ్వవిద్యాలయాలు జాతీయ స్థాయి క్రీడాకారులకు ఫీజులో రాయితీ ఇస్తాయి. ఇది ఆయా సంస్థల ఇష్టం, ఏటేటా మారుతుంది, కాగితం మీద రాయించుకోవాల్సిన సంగతి. బోధన రుసుము చెల్లింపు వంటి ప్రభుత్వ పథకాలు కుటుంబ ఆదాయం మీద ఆధారపడతాయి, ఆటతో వాటికి సంబంధం లేదు. తల్లిదండ్రులు ఈ రెంటినీ కలిపి లెక్కవేసుకోవడం తరచు జరిగే పొరపాటు.

కేంద్రం తరఫున పెద్ద సహాయం ఖేలో ఇండియా ఉపకార పథకం. ఎంపికైన క్రీడాకారుడి శిక్షణ, పోషణ, పోటీ ఖర్చులను ప్రభుత్వం భరిస్తుంది. 2018లో ఈ పథకాన్ని ప్రకటించినప్పుడు ఒక్కొక్కరికి ఏడాదికి 5 లక్షల రూపాయల చొప్పున ఎనిమిదేళ్లు అన్నారు. చేతి ఖర్చుగా నెలకు 10,000 రూపాయలు నేరుగా క్రీడాకారుడికి చేరుతుంది. ఎంపిక ప్రధానంగా ఒలింపిక్ పతకాశలు ఉన్న క్రీడల్లో వ్యక్తిగత ప్రతిభను చూస్తుంది. అందువల్ల ఈతగాడికి ఉన్న అవకాశం వాటర్ పోలో ఆటగాడికి లేదు.

ఆంధ్రప్రదేశ్ వృత్తివిద్యా ప్రవేశాల్లో క్రీడా కోటా అరశాతం. 200 సీట్లున్న చోట అది ఒక్క సీటు. ఆ సీటు ఎంట్రన్సు ర్యాంకును బట్టి కాక క్రీడా ప్రాధాన్య క్రమాన్ని బట్టి వెళ్తుంది: అంతర్జాతీయ పతకం ముందు, తరువాత దేశానికి ఆడటం, తరువాత జాతీయ పతకం, ఇలా కిందికి. ప్రవేశాల నోటిఫికేషన్‌తోపాటు గుర్తింపు పొందిన క్రీడల పట్టిక, పోటీల పట్టిక వెలువడతాయి. ఆహ్వాన పోటీల్లో, క్లబ్బు పోటీల్లో వచ్చిన ధ్రువపత్రాలకు అక్కడ విలువ ఉండదు. ఎంత అందంగా అచ్చువేసినా సరే.

ఉద్యోగాలు

ఇండియాలో వాటర్ పోలో ఇచ్చే అసలు ప్రతిఫలం ఉద్యోగమే అనడం అతిశయోక్తి కాదు. కేంద్ర ప్రభుత్వ క్రీడా నియామకాలకు నాలుగు రకాల ధ్రువపత్రాలు ఉన్నాయి. దేశం తరఫున ఆడినవారికి ఫారం-1, జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడినవారికి ఫారం-2, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడినవారికి ఫారం-3, జాతీయ పాఠశాల క్రీడల్లో ఆడినవారికి ఫారం-4. మూడో ఫారం మీద సంతకం చేసేది విశ్వవిద్యాలయ క్రీడా విభాగపు అధికారి. డిగ్రీ అయిపోయి ఊరు చేరాక ఆ సంతకం కోసం తిరగడం కన్నా, పోటీ ముగిసిన ఏడాదే తీసుకోవడం మేలు.

రైల్వే జోన్లు క్రీడా కోటాలో గ్రూప్-సి, లెవెల్-1 కొలువులకు నోటిఫికేషన్లు ఇస్తాయి. వయసు 18 నుంచి 25. కొన్ని జోన్ల ప్రకటనల్లో వాటర్ పోలో పేరు నేరుగా ఉంటుంది. జట్టుకు కావలసిన స్థానాన్ని బట్టి, ఉదాహరణకు గోల్‌కీపరు, ఎంపిక జరగవచ్చు. ఆట ఆడే కొలువు కాబట్టి ఉద్యోగంలో చేరాక సాధన, పోటీలు అందులో భాగమవుతాయి. సైన్యం, నౌకాదళం, కేంద్ర సాయుధ పోలీసు బలగాలు కూడా ఈతగాళ్లను తీసుకుంటాయి. సైన్యంలో 8 నుంచి 14 ఏళ్ల బాలురకు బాయ్స్ స్పోర్ట్స్ కంపెనీలు ఉన్నాయి. అక్కడ చేరినవారికి చదువు, తిండి, శిక్షణ ఉచితం.

రాష్ట్రంలో 2024 నవంబరులో ఆమోదం పొందిన క్రీడా విధానం ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. 2025 మెగా డీఎస్సీలో 16,347 ఉపాధ్యాయ పోస్టులకు గాను 421 ఈ కోటా కింద ప్రకటించారు. ఒలింపిక్ స్వర్ణానికి 7 కోట్ల రూపాయల నగదు బహుమతి కూడా అదే విధానంలోది. వాటర్ పోలో విద్యార్థికి ఆ అంకె కన్నా మూడు శాతమే దగ్గరిది.

అమెరికా కళాశాలల పద్ధతి

అమెరికాలో కళాశాల క్రీడలను నడిపే ప్రధాన సంస్థ ఎన్‌సీఏఏ. పురుషుల వాటర్ పోలో విజేతను ఇది 1969 నుంచి, మహిళల విజేతను 2001 నుంచి నిర్ణయిస్తున్నది. పురుషుల పోటీలు శరదృతువులో, మహిళలవి వసంతంలో. జట్లు ఉన్న కళాశాలలు పురుషులకు సుమారు 50, మహిళలకు 60కి పైచిలుకు. వాటిలో పెద్ద భాగం కాలిఫోర్నియాలో ఉన్నాయి. 2024 వరకు పురుషుల టైటిళ్లన్నీ ఆ ఒక్క రాష్ట్రపు కళాశాలలకే వెళ్లాయి. మహిళల టైటిళ్లను 2025 వరకు యూసీఎల్‌ఏ, స్టాన్‌ఫర్డ్, సదరన్ కాలిఫోర్నియా అనే మూడే పంచుకున్నాయి.

ఉపకార వేతనాల పరిమితి దశాబ్దాలపాటు పురుషుల జట్టుకు నాలుగున్నర, మహిళల జట్టుకు ఎనిమిది. ఆ నాలుగున్నరను శిక్షకుడు ముక్కలు చేసి పంచవచ్చు. ఇరవై మందికి సమంగా పంచితే ఒక్కొక్కరికి వచ్చేది నాలుగో వంతుకు కూడా తక్కువ. పూర్తి ఖర్చు భరించే ఉపకార వేతనం ఈ ఆటలో చాలా అరుదు. మహిళలకు ఎక్కువ ఉండటానికి కారణం 1972 నాటి టైటిల్ నైన్ చట్టం: ఫుట్‌బాల్‌లో పురుషులకు పోయే పెద్ద సంఖ్యను సరితూచడానికి ఇతర క్రీడల్లో మహిళల వాటా పెంచారు. కళాశాలలు ఆటగాళ్లకు నేరుగా చెల్లించేందుకు వీలిస్తూ 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం తరువాత, అందులో చేరిన కళాశాలలకు ఉపకార వేతనాల పరిమితి పోయి జట్టు సంఖ్య మీద పరిమితి వచ్చింది. వాటర్ పోలోకు అది 24. పరిమితి పోయింది గనుక డబ్బు పెరిగిందని అనుకోనక్కర్లేదు. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకు నేరుగా చెల్లించడం మొదలయ్యాక చిన్న ఆటల బడ్జెట్లు ఎటు పోతాయన్నది అక్కడి శిక్షకుల ప్రస్తుత ఆందోళన.

అన్ని కళాశాలలూ క్రీడా ఉపకార వేతనం ఇవ్వవు. హార్వర్డ్, ప్రిన్స్‌టన్, బ్రౌన్ వంటి ఐవీ లీగ్ సంస్థలు అవసరాన్ని బట్టే సహాయం చేస్తాయి. ఎంఐటీ, జాన్స్ హాప్కిన్స్ జట్లు ఉన్న డివిజన్-3లోనూ ఆటకు డబ్బు లేదు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కళాశాలలు కూడా క్రీడా ఉపకార వేతనం ఇవ్వవు, అయితే అక్కడ ఫీజు తక్కువ, రెండేళ్లు ఆడి నాలుగేళ్ల కళాశాలకు మారే దారి ఉంది. కళాశాల జట్టులో చోటు దొరకనివారికి క్లబ్ వాటర్ పోలో ఉంది. అమెరికాలో ఎమ్మెస్‌కు వెళ్లే తెలుగు విద్యార్థికి అన్నిటికన్నా సులువుగా అందేది ఇదే.

అర్హత విషయానికి వస్తే, డివిజన్-1లో ఆడాలంటే ఎన్‌సీఏఏ అర్హతా కేంద్రంలో నమోదై, తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా మార్కుల పత్రాలు పంపాలి. నిర్దేశిత పాఠ్యాంశాలు 16 ఉండాలి, వాటిలో సగటు 2.3 గ్రేడు రావాలి. ప్రామాణిక పరీక్ష మార్కుల నిబంధనను 2023లో తీసేశారు. ఇంటర్ తరువాత ఏడాది ‘లాంగ్ టర్మ్’ కోచింగ్‌కు కూర్చునే అలవాటున్న మన విద్యార్థులు తెలుసుకోవాల్సిన నిబంధన మరొకటి ఉంది. హైస్కూల్ ముగిశాక కళాశాలలో చేరడానికి సాధారణంగా ఒక ఏడాది వెసులుబాటు ఇస్తారు. అంతకు మించి ఆలస్యం చేస్తూ వ్యవస్థీకృత పోటీల్లో ఆడితే ఆడే సంవత్సరాల్లో కోత పడుతుంది. ఎఫ్-1 వీసా మీద ఉన్నవారు ఉపకార వేతనం తీసుకోవచ్చు గానీ, తమ పేరు, బొమ్మ వాడుకునే ప్రకటనల ద్వారా అమెరికన్ ఆటగాళ్లు పొందే ఆదాయం వారికి వీసా నిబంధనల వల్ల చిక్కు.

అవకాశాల లెక్క అంత ఆశాజనకం కాదు. అమెరికా హైస్కూళ్లలో ఈ ఆట ఆడే బాలురు ఇరవై వేలకు పైబడి ఉండగా, కళాశాల జట్లలో చోట్లు వెయ్యి పైచిలుకు. ఆ చోట్లకు హంగరీ, సెర్బియా, స్పెయిన్, ఆస్ట్రేలియాల నుంచి చిన్నప్పటి నుంచి లీగుల్లో ఆడినవారూ పోటీకి వస్తారు. శిక్షకులు అడిగేవి 50, 100 మీటర్ల కాలాలు, ఎత్తు, ఎడమచేతి వాటం, పూర్తి ఆటల వీడియోలు. కోనసీమ నుంచి నేరుగా ఈ మార్గంలో వెళ్లాలంటే ముందు ఆ వీడియో తీయదగిన ఆటలు జరగాలి. శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో, దక్షిణ కాలిఫోర్నియాలో స్థిరపడిన గోదావరి జిల్లాల కుటుంబాల పిల్లల సంగతి వేరు. అక్కడ చాలా హైస్కూళ్లలో వాటర్ పోలో బడి ఆటే. వారికి ఉపకార వేతనం కన్నా ప్రవేశ దరఖాస్తులో ఆట ఇచ్చే బలం ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఆట ఆగిన తరువాత

జట్టు దొరకనివారికి, పాతికేళ్లు దాటినవారికి ఈత విద్యతో ముడిపడిన వృత్తులు ఉన్నాయి. పటియాలాలో 1961లో నెలకొన్న నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ శిక్షకుల డిప్లొమా ఇస్తుంది, ఎంపికకు పోటీల్లో ఆడిన చరిత్ర కావాలి. బీపీఈడీ చేసి వ్యాయామోపాధ్యాయులు కావడం కోనసీమలో పరిచితమైన దారి. హోటళ్లు, గేటెడ్ కమ్యూనిటీల కొలనులకు లైఫ్‌గార్డులు కావాలి. గల్ఫ్ దేశాలకు వలస ఎక్కువగా ఉన్న రాజోలు, అమలాపురం ప్రాంతాల్లో ప్రాణరక్షణ ధ్రువపత్రం అక్కడి హోటళ్లలో కూడా కొలువుకు పనికొస్తుంది. కృష్ణా జిల్లా కొండపావులూరులో ఉన్న జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం పదో బెటాలియన్ గోదావరి వరదల సమయంలో కోనసీమ లంకలకు పడవలతో వస్తుంది. కేంద్ర బలగాల్లో ఈతగాళ్లుగా చేరినవారికి డిప్యుటేషన్ మీద ఆ దళంలో పనిచేసే వీలుంది.